బడులు తెరిచే వేళ ఇంటిల్లిపాదికీ ఒత్తిడి: మీ ఇళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారు?

అమలాపురం_అమ్మ
జూన్ 12న బడులు తెరుస్తున్నారు. ఇంకా వారం గడువు ఉండగానే మా ఇంట్లో ఒకరి మాట ఒకరికి సయించడం లేదు. బాబు మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి ముగించి, పక్క ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతిలో చేరాలి. పాప ప్రైవేటు బడిలో రెండో తరగతికి వచ్చింది. సెలవులు ఇచ్చినప్పటి నుంచి ఇద్దరూ రాత్రి పదకొండు దాటాక పడుకుని, ఎండ మొహాన పడేదాకా లేవడం లేదు. ఇకపై పాప బస్సు ఏడూ నలభై అయిదుకు వీధి చివరకు వస్తుంది. బడి మాట వినబడితే చాలు, పాప కంచం ముందు కూర్చుని కడుపులో నొప్పి అంటోంది. బాబు నోరు విప్పడు. కొత్త బడి గురించి ఎవరైనా ఎత్తితే లేచి పెరట్లోకి వెళ్లిపోతాడు. మావారు రుసుముల లెక్కలతో చిరాకుగా ఉంటారు, నేను పనికి వెళ్లి వచ్చేసరికి నా ఓపిక అయిపోతుంది. ఈ పది పదిహేను రోజులూ అరుపులు లేకుండా గడిచే మార్గం ఎవరైనా అనుభవంతో చెప్పగలరా?

పాలకొల్లు_నాన్న
మా ఇంట్లోనూ ఇదే వరస. మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపిస్తే, ఇది నువ్వే రాయించావా అని అడిగింది.

తాతగారి_అరుగు
నేను చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు. మేము చిన్నప్పుడు కాలువ గట్టున నడిచి బడికి వెళ్లేవాళ్లం. ఆ రోజు బడి తెరుస్తారన్న సంగతి మా నాన్నగారికి గుర్తు కూడా ఉండేది కాదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. పెద్దవాళ్లు నెల ముందు నుంచి బడి, బడి అని జపం చేస్తూ ఉంటే పిల్లలకు లేని భయం పుడుతుంది. ఆ జపం మానితే సగం బాధ పోతుంది.

రాజోలు_పంతులు
తాతగారూ, మీ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగానికి ఒప్పుకోలేను. అప్పట్లో వీధిలోని పిల్లలంతా ఒకే బడికి గుంపుగా వెళ్లేవారు కాబట్టి భయం గుంపులో కలిసిపోయేది. ఇప్పుడు ఒకే వీధిలో నలుగురు పిల్లలు నాలుగు బస్సులు ఎక్కుతున్నారు.

అమలాపురం_అమ్మ గారూ, నేను ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను కనుక మీ బాబు సంగతి నాకు బాగా అర్థమవుతోంది. ఐదో తరగతి దాకా బిడ్డకు ఒకరిద్దరు ఉపాధ్యాయులే లోకం. ఆరో తరగతిలో గంట కొట్టినప్పుడల్లా ఒక కొత్త మనిషి తరగతిలోకి వస్తారు, ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉంటుంది. హిందీ అక్షరాలు మొదలయ్యేది కూడా ఆ తరగతిలోనే. అన్నిటికంటే ముఖ్యంగా, నిన్నటి వరకు బడిలో అందరికంటే పెద్దవాడిగా తిరిగిన పిల్లవాడు ఒక్కరోజులో అందరికంటే చిన్నవాడు అవుతాడు. మొదటి వారంలో నాకు కనబడే భయమంతా పాఠాల గురించి కాదు. మరుగుదొడ్డి ఎక్కడ, మంచినీళ్ల కుళాయి ఎక్కడ, సైకిలు ఎక్కడ పెట్టాలి, అన్నం ఎవరి పక్కన కూర్చుని తినాలి, ఇవే వారి బెంగలు. అడగడానికి సిగ్గుపడి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండిపోయే పిల్లలు ప్రతి ఏడాదీ కనబడతారు.

అందువల్ల బడి తెరవక ముందే ఒక పూట బాబును సైకిలు మీద ఆ బడికి తీసుకువెళ్లండి. తెరవడానికి ముందు రోజుల్లో ప్రధానోపాధ్యాయులు పాఠశాలలోనే ఉంటారు, అడిగితే లోపలికి రానిస్తారు. కుళాయి, మరుగుదొడ్డి, సైకిళ్ల చోటు, ఆరో తరగతి గది చూపించి, మారు మాట్లాడకుండా తిరిగి రండి. అక్కడ ఉపన్యాసం ఇవ్వవద్దు. దారిలో అతనే ఏదో ఒకటి అడుగుతాడు.

కొబ్బరి_చెట్టు_కింద
పంతులు గారు చెప్పిన మంచినీళ్ల సంగతి అక్షరాలా నిజం. మా అమ్మాయికి ఆరో తరగతి మొదటి నెలలోనే మూత్రంలో మంట వచ్చి ఆసుపత్రికి తిప్పవలసి వచ్చింది. కారణం అడిగితే, మరుగుదొడ్డి గొళ్లెం సరిగా పడదని వెళ్లలేదని చెప్పింది. నలుగురు తల్లులం కలిసి వెళ్లి అడిగాక గొళ్లెం వేయించారు. తల్లిదండ్రులు తొలి వారంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

తణుకు_పిల్లల_వైద్యురాలు
పాప కడుపునొప్పి గురించి చెబుతాను. అది దొంగనొప్పి కాదు. బెంగ పడినప్పుడు పిల్లలకు కడుపు నిజంగానే పట్టేసినట్లు అవుతుంది, వికారంగా ఉంటుంది, కొందరికి తలనొప్పి వస్తుంది. కాబట్టి “నాటకాలు ఆడకు” అనే మాట మాత్రం అనకండి. నొప్పి బడి మాట వచ్చినప్పుడే వచ్చి, ఆదివారాలు, ఆటల వేళల్లో మాయమవుతూ ఉంటే అది బెంగ వల్ల వచ్చినదే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, విరేచనంలో రక్తం, నిద్రలోంచి లేపేంత నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా చూపించాలి. ఇవేవీ లేకపోతే “నొప్పిగా ఉందా తల్లీ, కాసేపు పడుకో, తర్వాత కలిసి తయారవుదాం” అని ఆ రోజు పని ఆ రోజు సాగనివ్వండి. నొప్పి చెప్పిన ప్రతిసారీ ఇంట్లో ఉంచేస్తే మర్నాడు బయలుదేరడం ఇంకా కష్టమవుతుంది.

నిద్ర విషయానికి వస్తే, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటిన వారికి 8 నుంచి 10 గంటలు కావాలి. ఒక్కసారిగా రాత్రి తొమ్మిదికే పడుకోబెట్టాలని చూస్తే పిల్లలు చీకట్లో పక్క మీద దొర్లుతూ ఉంటారు, పెద్దలకు కోపం వస్తుంది. ముందు లేచే వేళను మార్చండి. రోజూ పావుగంట ముందుగా లేపుతూ, లేవగానే వాకిట్లో వెలుతురులోకి తీసుకురండి. రాత్రి నిద్ర దానంతట అదే ముందుకు వస్తుంది.

పాలకొల్లు_నాన్న
డాక్టరు గారూ, రాత్రి ఉక్కపోతకు మేమే పన్నెండు దాకా నిద్రపోలేకపోతున్నాము. మృగశిర కార్తె వచ్చినా తొలకరి జాడ లేదు. పిల్లలను ఎలా పడుకోబెట్టాలి?

తణుకు_పిల్లల_వైద్యురాలు
మీ ఇబ్బంది నిజమే. పడుకునే ముందు స్నానం చేయించి, పలుచని నూలు బట్టలు వేసి, దోమతెర కట్టి గాలి ఆడే చోట పక్క వేయండి. రాత్రి నిద్ర తగ్గిన రోజు మధ్యాహ్నం కాసేపు పడుకోనివ్వవచ్చు, కానీ మధ్యాహ్నం మూడు కొట్టాక పడుకోనివ్వకండి. వేళకు లేపడం మాత్రం మానవద్దు.

మండపేట_కౌలురైతు
నిద్ర, కడుపునొప్పి, అన్నీ బాగున్నాయి. మా ఇంట్లో ఒత్తిడికి మూలం డబ్బు. ఆ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తడం లేదు. జూన్‌లో కాలువకు నీరు వదులుతారు, ఆకుమడి పోయాలి, దమ్ముకు ట్రాక్టరు కావాలి, ఎరువు తేవాలి. దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బులో మక్తా (కౌలు) పోను మిగిలింది అప్పటికే వడ్డీలకు వెళ్లిపోతుంది. సరిగ్గా అదే వారంలో బడి వాళ్లు రుసుము మొదటి విడత, పుస్తకాలు, బూట్లు అంటారు. పుస్తకాలు వాళ్ల దగ్గరే కొనాలంటారు. 2025 జూన్‌లో ప్రభుత్వం తల్లికి వందనం పథకం కింద బిడ్డకు 15,000 చొప్పున ప్రకటించి, బడి నిర్వహణకు 2,000 పోను తల్లి ఖాతాలో 13,000 వేశారు. మాకు ఇద్దరు పిల్లలు కనుక ఆ ఏడాది ఊపిరి పీల్చుకున్నాము. అయినా ఆ డబ్బు ఎప్పుడు పడుతుందో అని ఎదురుచూసే రోజుల్లో ఆలుమగల మధ్య మాటలు పెరుగుతాయి.

ఒక సాయంత్రం మా అమ్మాయి పాత సంచీ తీసి, తెగిన పట్టీని గోనెసంచి కుట్టే సూదితో తానే కుట్టుకుంటూ కూర్చుంది. ఎందుకమ్మా, కొత్తది కొంటాను కదా అంటే, “వద్దులే నాన్నా, ఎరువుకు కావాలి కదా” అంది. తొమ్మిదేళ్ల పిల్ల. మేము గదిలో తలుపు వేసుకుని మాట్లాడుకున్న మాటలన్నీ వినేసింది.

పాలకొల్లు_నాన్న
మీ అమ్మాయి మాట చదివి మనసు కలుక్కుమంది. అందుకే డబ్బు మాటలు పిల్లల చెవిన పడకూడదని నేను గట్టిగా నమ్ముతాను. పొలం గట్టు మీదనో, పిల్లలు లేనప్పుడో మాట్లాడుకోవాలి.

మండపేట_కౌలురైతు
తమ్ముడూ, రెండు గదుల ఇంట్లో ఏ మాటా దాగదు. సగం విన్న మాట పిల్లల మనసులో ఇంకా పెద్దది అవుతుంది. ఆ రోజు తర్వాత నేను పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఈ నెలలో పుస్తకాలు, బూట్లు కొంటాము, సంచీ దసరాకు కొంటాము, రుసుము రెండు విడతలుగా కడతానని బడిలో అడిగి వచ్చాను, వాళ్లు ఒప్పుకున్నారు, మీరు దాని గురించి ఆలోచించనక్కరలేదు అన్నాను. అమ్మాయి మొహం తేటపడింది. గడువు అడగడంలో తప్పు లేదు. తెరిచిన రోజు రద్దీలో కాకుండా ముందే వెళ్లి, మొదట ఎంత కట్టగలమో, మిగతాది ఏ నెలలో కడతామో కాగితం మీద రాసి ఇస్తే చాలామంది వింటారు.

కొబ్బరి_చెట్టు_కింద
మా వైపు కొబ్బరికాయల దింపు డబ్బు రెండు నెలలకు ఒకసారి వస్తుంది. ఏప్రిల్ దింపులోనే కొంత తీసి పోస్టాఫీసులో వేస్తాము. జూన్‌లో ఆ పాసుపుస్తకం తప్ప ఇంకేదీ ముట్టము. అందరికీ కుదరదని తెలుసు, కుదిరిన వారికి చెబుతున్నాను.

కువైట్_నుంచి_అమ్మ
నేను మూడో సంవత్సరంగా ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. బాబు మా అమ్మ దగ్గర ఉండి నాలుగో తరగతిలోకి వచ్చాడు. బడికి బయలుదేరే వేళ వాడితో మాట్లాడాలని నా ప్రాణం కొట్టుకుంటుంది. మీకు ఉదయం ఏడు గంటలంటే మాకు నాలుగున్నర. ఇంట్లో వాళ్లు లేవకముందు నాకు దొరికే వేళ అదొక్కటే. కానీ పోయిన ఏడాది నేను వీడియోలో కనబడగానే వాడు ఏడుపు అందుకుని, సంచీ విసిరేసి, బడికి వెళ్లనని మొండికేసేవాడు. అమ్మ నా మీద విసుక్కుంది. ఫోను చేయకుండా ఉండలేను, చేస్తే బిడ్డ ఏడుస్తాడు. నాలాంటి వాళ్లు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?

ముమ్మిడివరం_అమ్మమ్మ
నా మాటలు మా పెద్ద మనవరాలు టైపు చేస్తోంది. అమ్మా, నువ్వు బాధపడకు. మా కోడలు మస్కట్‌లో ఉంది, ఇద్దరు పిల్లలు నా దగ్గరే పెరుగుతున్నారు. పొద్దున్నే తల్లి మొహం చూస్తే బిడ్డకు ఉన్న బెంగ అంతా పైకి వస్తుంది, బడికి ముందు దాన్ని తీర్చడానికి వేళ ఉండదు. అందుకని మా కోడలు తెల్లవారుజామున తన మాట ఫోనులో రికార్డు చేసి పంపుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, తినడానికి కూర్చున్నప్పుడు నేను వినిపిస్తాను. బడిలో ఏమి జరిగిందో వాళ్లు కూడా అలాగే చెప్పి పంపుతారు, ఆమె పని అయ్యాక వింటుంది. శుక్రవారం ఆమెకు సెలవు దొరికితే సాయంత్రం తీరికగా ఎదురెదురుగా మాట్లాడుకుంటారు. మొదటి వారం పిల్లలు ఒప్పుకోలేదు, తరువాత అలవాటుపడ్డారు. మీ అమ్మను కూడా ఒక మాట అడుగు, ఆవిడకూ ఆ పొద్దుటి వేళ ఒంటరిగా నెట్టడం కష్టంగానే ఉంటుంది.

కువైట్_నుంచి_అమ్మ
మీ మాట చదువుతూ ఏడ్చాను అమ్మమ్మ గారూ. రేపటి నుంచే అలా పంపుతాను. మా అమ్మకు కూడా విడిగా ఒక మాట పంపుతాను.

భీమవరం_చెరువుగట్టు
అందరూ ముఖ్యమైన శత్రువును వదిలేశారు. సెలవుల్లో పిల్లల చేతిలో ఉన్న ఫోను. నేను జూన్ మొదటి తేదీన తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు రోజులు ఇల్లు కిష్కింధ అయింది, తర్వాత సద్దుమణిగింది. కొద్దికొద్దిగా తగ్గించడం అన్నది జరిగే పని కాదు, రోజూ బేరం పెడతారు.

రాజోలు_పంతులు
మీ ఇంట్లో జరిగింది కనుక కాదనను. కానీ తాళం వేసిన ఇళ్లలో పెద్దవాళ్లు అదే గదిలో ఫోను చూస్తూ కూర్చుంటే పిల్లలకు అది శిక్షలా అనిపిస్తుంది. మా ఇంట్లో రాత్రి భోజనాల తర్వాత అందరి ఫోన్లూ వంటింటి అలమరాలోకి వెళ్తాయి, నాది కూడా.

అమలాపురం_అమ్మ
ఇన్ని మాటలు చెప్పినందుకు ఎంతో మేలు జరిగింది. నిన్న సాయంత్రం మావారు బాబును సైకిలు మీద ఉన్నత పాఠశాలకు తీసుకువెళ్లారు. అక్కడ ఏమీ అడగలేదట. తిరిగి వచ్చేటప్పుడు కాలువ వంతెన దగ్గర సైకిలు ఆపి, “హిందీ రాకపోతే పెద్ద బడిలో కర్రతో కొడతారట కదా” అన్నాడట. సెలవుల్లో చుట్టాల అబ్బాయి ఎవరో చెప్పాడు. ఇన్ని రోజులూ వాడి మనసులో ఉన్నది ఇదే. మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

రాజోలు_పంతులు
ఆ మాట బయటికి రావడమే పెద్ద మేలు. మీరు బాబుకు ధైర్యంగా చెప్పవచ్చు: పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం నిషిద్ధం. అలా చేసిన వారి మీద చర్య ఉంటుంది. ఎక్కడైనా అలా జరిగితే తల్లిదండ్రుల కమిటీకి, ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. పిల్లల సహాయ నంబరు 1098కి కూడా ఫోను చేయవచ్చు. ఇక హిందీ అంటారా, తరగతిలో చాలామందికి అది మొదటి రోజే. అందరూ “అ, ఆ” దగ్గరే మొదలుపెడతారు. ఈ వారంలో సరదాగా వాడి పేరును హిందీ అక్షరాల్లో రాయడం నేర్పండి. సొంత పేరు రాయగలిగిన వాడు ఆ తరగతిలోకి తలెత్తుకుని వెళ్తాడు.

తాతగారి_అరుగు
ఆ అబ్బాయి భయం విని నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. మా రోజుల్లో దెబ్బలు మామూలుగా ఉండేవి, మేము ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే బాగుండేది. అయినా జపం మానండి అన్న మాట మీద మాత్రం నిలబడతాను.

ముమ్మిడివరం_అమ్మమ్మ
పొద్దున తిండి గురించి ఒక మాట. సెలవుల్లో పదింటికి తిన్న పిల్లలకు ఏడింటికి ఆకలి వేయదు. కుక్కి కుక్కి పెడితే ఆ గొడవతోనే రోజు మొదలవుతుంది. మా ఇంట్లో ఆ మొదటి వారం కాస్త పెరుగన్నమో, రాత్రి నానబెట్టి పులిసిన తరవాణి అన్నమో పెట్టి, ఒక అరటిపండు చేతికిస్తాను. పది గంటలకు తినడానికి ఏదైనా డబ్బాలో పెడతాను. వారం గడిచేసరికి వాళ్లే అట్టు అడుగుతారు.

రాజోలు_పంతులు
అమలాపురం_అమ్మ గారి బాబు ఉన్నత పాఠశాలలో మధ్యాహ్నం బడి భోజనమే చేస్తే మంచిదని నా సలహా. అన్నదానానికి పేరుపొందిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరే ఆ మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు. వరుసలో కూర్చుని పక్కవాడి కంచంలోకి గుడ్డు మార్చుకునే పిల్లలకు రెండు రోజుల్లో స్నేహం కుదురుతుంది. ఇంటి డబ్బా తెచ్చుకుని చెట్టు కింద ఒంటరిగా తినే పిల్లవాడికి నెల పడుతుంది.

కొబ్బరి_చెట్టు_కింద
బస్సు సంగతి కూడా చూసుకోండి. కొత్త డ్రైవరు, కొత్త దారి అయితే తొలి రోజు మీరే ఎక్కించి, సాయంత్రం దించుకోండి. మా వీధిలో ఒక ఆటోలో పన్నెండు మంది పిల్లలను ఎక్కిస్తున్నారు, డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు కూర్చుంటున్నారు. తల్లులం ఒప్పుకోమని కలిసి చెప్పాక రెండో ఆటో వచ్చింది.

పెద్దాపురం_నవోదయ_తల్లి
హాస్టలుకు పంపే వారికి ఒక మాట. మా బాబు పదకొండేళ్లకే పెద్దాపురం నవోదయలో చేరాడు. అక్కడ విద్యాలయం నిర్ణయించిన రోజునే చూడగలము. మొదటి నెల ఫోనులో “వచ్చి తీసుకుపో” అన్న మాట వినబడినప్పుడల్లా నా గుండె జారిపోయేది. వార్డెన్ గారితో మాట్లాడితే, మధ్యాహ్నం ఆడుతున్నాడు, తింటున్నాడు, మీ గొంతు వింటేనే ఏడుస్తాడు అన్నారు. పిల్లవాడు ఫోనులో ఏడ్చినంత మాత్రాన అక్కడ రోజంతా ఏడుస్తున్నట్లు కాదు. అయితే తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, ఎవరితోనూ మాట్లాడకుండా ముడుచుకుపోయినా ఆగకూడదు.

తణుకు_పిల్లల_వైద్యురాలు
ఈ చివరి మాట ఇళ్లలో ఉండే పిల్లలకూ వర్తిస్తుంది. మూడు నాలుగు వారాలు గడిచినా బెంగ తగ్గకుండా ఇంకా పెరుగుతూ ఉంటే వైద్యులకు చూపించండి. మానసిక ఆరోగ్యం కోసం టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. తల్లిదండ్రులు తమ కోసం కూడా మాట్లాడవచ్చు. అలసిపోయిన తల్లికి కూడా ఒక మనిషి మాట కావాలి.

లంక_గ్రామం_నుంచి
మాది పి.గన్నవరం వైపు గోదావరి పాయల మధ్య ఉన్న లంక. అందరూ జూన్ గురించే చెబుతున్నారు, మాకు బడి రెండుసార్లు తెరుస్తుంది. పిల్లలు ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నారు అనుకునేసరికి జూలై, ఆగస్టుల్లో గోదావరి వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. అది రాకముందే మా కాజ్‌వే మీదికి నీరు ఎక్కే సంవత్సరాలు ఉన్నాయి. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు పుస్తకాలు అటక మీద పెట్టి, పిల్లలను తీసుకుని ఏటిగట్టు మీదికి వెళ్లాము. వరద తీసిన తర్వాత మళ్లీ బడికి పంపడం జూన్‌లో పంపడం కంటే కష్టం. చిన్నవాడు పడవ ఎక్కను అంటాడు. నేను బడిలో ఉండగా నీరు వస్తే ఎలా అని అడుగుతాడు. వాడి ప్రశ్నకు ఏమి జవాబు చెప్పాలి?

రాజోలు_పంతులు
ఆ ప్రశ్నకు సరైన జవాబు ఉత్త ధైర్యం కాదు, ఏర్పాటు. నీరు పెరుగుతుందని కబురు రాగానే బడి ముందే వదులుతారు, నిన్ను తీసుకురావడానికి ఫలానా మనిషి వస్తాడు, అతను రాలేకపోతే నువ్వు ఇవతలి ఒడ్డున ఫలానా వారి ఇంట్లో ఉండాలి అని పేర్లతో సహా చెప్పండి. ఆ ఇంటికి ఇప్పుడే, నీరు లేని రోజుల్లో ఒకసారి తీసుకువెళ్లి అన్నం తినిపించి తీసుకురండి. ఆ పేర్లు, ఫోను నంబర్లు తరగతి ఉపాధ్యాయుడికి కాగితం మీద రాసి ఇవ్వండి. నా తరగతిలో లంకల పిల్లలందరి కాగితాలూ హాజరుపట్టీలోనే పెడతాను. వరద తర్వాత తిరిగి వచ్చిన పిల్లలకు మొదటి రెండు రోజులు పాఠం చెప్పను, తడిసిన పుస్తకాలు ఎవరివో చూసి మిగిలిన పిల్లల చేత నోట్సు రాయించి ఇప్పిస్తాను. మీ బడిలో అలా చేయకపోతే తల్లిదండ్రుల సమావేశంలో అడగండి.

లంక_గ్రామం_నుంచి
ఇవతలి ఒడ్డున మా మేనత్త గారి ఇల్లు ఉంది. ఆదివారం వాడిని తీసుకువెళ్తాను. కాగితం వాడి తరగతి పంతులు గారికి సోమవారం ఇస్తాను.